ఖాళీ గిన్నె వెనక్కి రాదు

ఆ రోజుల్లో ఇంట్లో సామాను ఎక్కువైందని బాధపడే మనిషిని నేను చూడలేదు. తక్కువైందని బాధపడేవాళ్ళే అందరూ. ఎవరింటికైనా వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు ఆ ఇంట్లో మనుషుల క్షేమం తర్వాత చెప్పేవాళ్ళు, ముందు వంటింటి అరలో ఎన్ని డబ్బాలు వరసగా ఉన్నాయో చెప్పేవాళ్ళు. ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో ఎవరో తెల్లగోడల గదిలో ఒక కుర్చీ, ఒక మొక్క పెట్టుకుని కూర్చుని, తక్కువ వస్తువులతో ఎలా బతకాలో చెబుతుంటే కన్నార్పకుండా వింటుంది. ఆ విద్య నేను పాతికేళ్ళ కిందటే జగ్గయ్యపేటలో మొదలుపెట్టి, చేతులు కాల్చుకుని, గురువు లేకుండానే వదిలేశానని చెబితే నమ్మదు. మీరైనా నమ్ముతారని రాస్తున్నా.

మా ఇల్లు పాత డాబా. ముందు వరండా, దాని వెనక హాలు, తర్వాత నడిమి గది, ఆ వెనక వంటిల్లు, పెరట్లో సిమెంటు నీళ్ళ తొట్టి. ఉండేది ముగ్గురం, అమ్మ, నాన్న, నేను. అయితే నడిమి గదిలో మనుషులకి చోటు లేదు, అందులో అమ్మ స్టీలు సామాను కాపురం ఉండేది. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ వచ్చినవి కొన్ని, పాత బట్టల మూట ముందేసుకుని సామాన్లామెతో మిట్టమధ్యాహ్నం దాకా బేరమాడి మార్చుకున్నవి కొన్ని, ఎందుకు కొన్నదో తనకే గుర్తులేనివి చాలా. నేలమీద నాలుగు వరసల బిందెలు, వాటిమీద తపేలాలు, తపేలాల్లో గిన్నెలు, గిన్నెల్లో చిన్న గిన్నెలు, అన్నిటికన్నా చిన్న గిన్నెలో రెండు లవంగాలు (ఎందుకని అడిగితే, ఉండనీరా అనేది). గోడకి ఆనించి ఒక గంగాళం. ఆరో తరగతి దాకా నేను అందులో కూర్చునే స్నానం చేశాను. టిఫిన్ క్యారేజీలే తొమ్మిది. ఇంట్లో క్యారేజీ పట్టుకెళ్ళేవాణ్ణి నేనొక్కణ్ణే.

వీటిలో ప్రతిదాని మీదా పేరు ఉండేది. సామాను మీద పేరు కొట్టించడం అందరూ చేసేదే, కానీ అమ్మ సంగతి వేరు. నేను పుట్టకముందు ఎవరి పెళ్ళికో అడిగితే ఇచ్చిన గుండిగ తిరిగి రాలేదట. ఆ దెబ్బతో అమ్మ, ఒట్టి ఇంటిపేరు కొట్టిస్తే లాభం లేదని తేల్చుకుంది. ఇంటిపేరు, నాన్న పేరు, వీధి, జగ్గయ్యపేట, కృష్ణా జిల్లా, ఇదంతా ఉండాల్సిందే. స్టీలు కొట్లో మిషను పట్టుకుని పేర్లు కొట్టే అతను, పిన్‌కోడు కూడా వేయమంటారా అమ్మా అని వేళాకోళంగా అడిగితే అమ్మ నిజంగానే ఆలోచించింది. గరిటెల మీద చోటు చాలక ఒకదాని మీద 'జగ్గ' దాకా, ఇంకోదాని మీద 'య్యపేట' కొట్టించి, రెండూ ఎప్పుడూ జంటగా ఉంచాలని మాకు ఆర్డరు వేసింది. నాన్న సాంబారు వడ్డించుకుంటూ ఇవాళ జగ్గ ఒక్కటే దొరికింది, పేట కనపడ్డం లేదు అనేవాడు. అమ్మ నవ్వేది కాదు.

అలాంటి ఇంట్లో ఉంటూ నేను పెళ్ళి చేసుకున్నాను. అప్పటికి నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ మాస్టార్ని, పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రం బస్సులో వచ్చేవాణ్ణి. మా ఆవిడది జి.కొండూరు. వైశాఖంలో పెళ్ళయింది, దాంతోపాటు ఒక డబుల్ కాట్ మంచం కూడా ఇంటికొచ్చింది. అది నాలుగు ముక్కలుగా వచ్చి, నాలుగు ముక్కలుగానే హాలు గోడకి ఆనుకుని నిలబడింది. ఎందుకంటే దాన్ని బిగించడానికి నడిమి గది తప్ప ఇంకో చోటు లేదు, నడిమి గదిలో ఏముందో చెప్పాను కదా. అందుచేత కొత్త దంపతుల ఏర్పాటు ఇలా జరిగింది: హాల్లో అమ్మ పక్కన మా ఆవిడ, వరండాలో నాన్న పక్కన నేను. నాన్న గురక పెడతాడు. పెళ్ళి చేసుకుంటే జీవితం మారుతుందని స్నేహితులు చెప్పింది నిజమే, పెళ్ళికి ముందు నేను హాల్లో పడుకునేవాణ్ణి.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు, అత్తగారు ఒకే గడప దాటకూడదని మామగారొచ్చి ఆవిణ్ణి పుట్టింటికి బయల్దేరదీశాడు. బస్టాండులో ఆయన కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపే పనిలో ఉండగా, మా ఆవిడ నా వైపు తిరిగి, పెళ్ళయ్యాక మొదటిసారి నాతో నాలుగు మాటలు వరసగా మాట్లాడింది.

"మంచం పట్టేంత చోటు చేయండి. చేశాక ఉత్తరం రాయండి. వస్తాను."

చేయలేకపోతే అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది.

"ఉత్తరం రాయకండి," అని బస్సెక్కింది.

అమ్మనే అడగొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాన్న ఒకసారి అడిగాడు. చిల్లులు పడ్డ వేణ్ణీళ్ళ బాయిలరు ఒకటి పాత సామాన్లకి వేసేద్దామన్నాడు, అంతే. అమ్మ తొమ్మిది రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి 'మీ నాన్నని చారు వేసుకోమను' అని నాతో కబురు చెప్పించేది. బాయిలరు ఇంట్లోనే ఉండిపోయింది, దాని చిల్లులకు లప్పం పెట్టించి అందులో కందిపప్పు పోసింది. కాబట్టి అడగడమనే దారి నాకు తోచలేదు. తోచిన దారి మా హిందీ మాస్టారు చూపించాడు. ఆయన స్టాఫ్ రూములో ఆదివారం పేపరు చదువుతూ, ఏదో దేశంలో జనం రోజుకో వస్తువు ఇంట్లోంచి బయట పడేస్తారట, అలా చేస్తే మనశ్శాంతి వస్తుందట అన్నాడు. (ఆయన అద్దె గదిలో ఒక ట్రంకు పెట్టె, ఒక దండెం తప్ప ఏమీ లేవు. అందుకని ఆ సిద్ధాంతం ఆయనకి బాగా నచ్చింది.) రోజుకో గిన్నె. నెల తిరిగేసరికి ముప్ఫై గిన్నెలు. సోషల్ మాస్టారినే అయినా ఆ లెక్క నాకు అద్భుతంగా తోచింది.

అమ్మడానికి మాత్రం వీల్లేదు. పాత సామాన్ల కొట్టతను బిందె తిప్పి చూసి, దాని మీదున్నది పైనుంచి కిందదాకా చదివి, "ఈ సంగతి మీ అమ్మగారికి తెలుసాండీ?" అన్నాడు. ఏదో పొరపాటున తెచ్చానని బిందె వెనక్కి తెచ్చుకున్నాను. ఇక మిగిలింది పారేసుకోవడం. మర్నాడు ఒక క్యారేజీ సంచిలో వేసుకుని బస్సెక్కి, సీటు కింద పెట్టి, నందిగామలో ఏమీ ఎరగనట్టు దిగిపోయాను. దిగి నడుస్తుంటే ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. ఆ ఊపులో స్కూలు పక్క పోస్టాఫీసులో ఒక ఇన్‌లాండ్ కవరు కొని మా ఆవిడకి రాసేశాను: పని మొదలైంది, శ్రావణం మొదటి రోజుకి చోటు తయారుగా ఉంటుంది, తప్పకుండా బయల్దేరి రా. డబ్బాలో వేసేశాను. నా జీవితంలో నేను తొందరపడి రాసిన ఉత్తరం అదొక్కటే.

మర్నాడు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి బస్సు కండక్టరు మా వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. పక్కన క్యారేజీ. డ్యూటీ దిగాక పేరు చూసుకుని వెతుక్కుంటూ వచ్చాడట. అంతవరకే అయితే నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణే, కానీ క్యారేజీ మూడు గిన్నెల నిండా చేగోడీలు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మా ఇంట్లోది పెట్టిందండీ అన్నాడు. మా వైపు అది మామూలే, ఎవరి గిన్నె మనింటికొచ్చినా అందులో ఏదో ఒకటి వేసే పంపాలి, ఉత్త గిన్నె చేతికిస్తే మర్యాద కాదు. ఆ సంగతి నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసి కూడా అది నా పథకానికి ఎక్కడ తగులుతుందో ఆలోచించలేదు, అదీ నా తెలివి. అమ్మ ఆ చేగోడీలకి బదులుగా కండక్టరు ఇంటికి ఒక గిన్నెడు కందిపచ్చడి పంపింది. ఆ గిన్నె రెండు రోజుల్లో దోసకాయలతో వచ్చింది.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. స్కూల్లో ఆయమ్మకి ఒక తపేలా ఇచ్చి, నువ్వే ఉంచుకో, తిరిగి ఇవ్వొద్దని స్పష్టంగా చెప్పాను. మర్నాడు పట్టుకొచ్చింది. "ఇంత పేరున్న సామాను మా ఇంట్లో ఉంటే ఎత్తుకొచ్చాననుకుంటారు సార్," అంది, అందులో పైకంటా గోంగూర కుక్కి ఉంది. కంచికచర్ల బస్టాండులో బెంచీ మీద వదిలిన డబ్బా నాలుగో రోజున ఎండుమిరపకాయలతో వచ్చింది, తెచ్చినాయన మిరపకాయల వ్యాపారి గుమాస్తా. నందిగామ హోటల్లో చెయ్యి కడుక్కునే చోట పెట్టొచ్చిన చెంబు ఇడ్లీపిండితో వచ్చింది. ఆ పిండి పులిసిపోతుందని అమ్మ అప్పటికప్పుడు ఇడ్లీలు వేసి నాలుగిళ్ళకి నాలుగు గిన్నెల్లో పంపింది, ఆ నాలుగు గిన్నెలూ నాలుగు రకాలుగా నిండి వచ్చాయి. గిన్నెలు తగ్గడం అటుంచి, నడిమి గదిలో ఇప్పుడు గిన్నెలతోపాటు కూరగాయలు కూడా చేరాయి. తెచ్చినవాళ్ళందరితో అమ్మకి చుట్టరికం కలిసింది. ఒక్కొక్కరు వెళ్తూ వెళ్తూ, మీవాడికి కాస్త మతిమరుపుందండీ, చిన్నవయసు కదా, సరస్వతీ ఆకు తినిపించండి అని సలహా ఇచ్చి వెళ్ళేవాళ్ళు. అమ్మ రోజూ పరగడుపున ఆ ఆకు నూరి నా చేత మింగించేది.

దగ్గర ఊళ్ళలో మనుషులు మరీ మంచివాళ్ళు, అదే ఇబ్బంది అనుకున్నాను. ఒక ఆదివారం సైకిలు మీద గరికపాడు పోయాను. అక్కడ ధాబాల ముందు లారీలు ఆగుతాయి, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవి, ఎటెటో పోయేవి. ఆగివున్న ఒక లారీ వెనక భాగంలో, గోనెపట్టా కింద ఒక పెద్ద బిందె తోసి, వెనక్కి చూడకుండా తొక్కుకొచ్చేశాను. పదకొండో రోజున ఆ లారీ మా వీధిలోకి వచ్చింది. వీధి ఇరుకు, అది సగం దాకా వచ్చి ఇరుక్కుపోయింది. అందులోంచి దిగిన డ్రైవరు భాయి, బిందె భుజాన పెట్టుకుని పేరు చదువుకుంటూ ఇల్లు పట్టుకున్నాడు. బిందె అతనితో షోలాపూరు పోయి, అక్కడ సరుకు దింపేటప్పుడు బయటపడి, ఉల్లిపాయలతో తిరిగొచ్చింది. మూతి దాకా ఉల్లిపాయలే. అంత శ్రమ ఎందుకు పడ్డావు నాయనా అని అమ్మ నొచ్చుకుంటే, "ఖాళీ బిందె ఎట్ల తెచ్చిస్తమమ్మా, మంచిగుండదు గదా," అన్నాడు. లారీని వెనక్కి తీయడానికి మా వీధి మొత్తం గంటన్నర కష్టపడింది. ఇంత మంది ఎండలో నిలబడ్డారని అమ్మ అందరికీ గ్లాసుల్లో పానకం ఇచ్చింది. ఆ గ్లాసులు ఎలా తిరిగొచ్చాయో మీకు చెప్పక్కర్లేదు.

మనుషులకి ఇస్తేనే కదా తిరిగొచ్చేది, ఏటికి ఇస్తే రాదు కదా అని చివరికి నాకో దివ్యమైన ఆలోచన వచ్చింది. స్కూలు వదిలాక కీసర దాకా పోయి, వంతెన మీద నిలబడి, ఎవరూ చూడకుండా ఒక బిందె మున్నేట్లో పడేశాను. కొత్త నీళ్ళు పారుతున్నాయి, బిందె కాసేపు తేలి, మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మూడో రోజు పొద్దున్నే ఇద్దరు చేపలు పట్టేవాళ్ళు తలుపు తట్టారు. వలలో పడిందట. బిందెలో నీళ్ళు, నీళ్ళలో రెండు బొచ్చె చేపలు, ప్రాణంతో. మా ఇంట్లో నీచు వండరు. తెచ్చిన మర్యాదని కాదనకూడదు, ప్రాణమున్నవాటిని చంపకూడదు, అందుకని అమ్మ వాటిని పెరట్లో నీళ్ళ తొట్టిలో వదిలింది. ఆ రోజునుంచి నేను తొట్టి పక్కన స్నానం చేస్తూ చెంబు ముంచినప్పుడల్లా రెండు చేపలు పైకొచ్చి నన్ను చూసేవి. నాన్న వాటికి అటుకులు వేసేవాడు. పెళ్ళాన్ని తెచ్చుకుందామని బయల్దేరినవాణ్ణి, చేపలు తెచ్చుకున్నాను.

ఆషాఢం రెండు రోజుల్లో అయిపోతుందనగా నడిమి గది తలుపు మూసుకోవడం మానేసింది. ఉల్లిపాయల ఘాటుకి హాల్లో అమ్మ కళ్ళు తుడుచుకుంటూ పడుకునేది. నాకు నిద్ర లేదు. మా ఆవిడ నా ఉత్తరం నమ్మి బట్టలు సర్దుకుంటూ ఉంటుంది, వచ్చి గుమ్మంలో నిలబడి ఈ సంత చూసి, అటునుంచి అటే వెళ్ళిపోతే ఏ మొహం పెట్టుకుని పిలుస్తాను? అబద్ధం రాశాడన్న మాట పడితే అది జన్మకి పోతుందా? భయంలో మనిషి పెద్ద పనులే చేస్తాడు. ఒక్క గంగాళం పోతే సగం మంచం చోటు వస్తుందని లెక్కేసి, తెల్లవారుతూండగా దాన్ని దుప్పట్లో చుట్టి, సైకిలు వెనక తాళ్ళతో కట్టి, గేటు దాకా నడిపించాను. దుప్పటి చుట్టిన గంగాళం ఎట్లా చూసినా గంగాళంలాగే ఉంది. గేటు దగ్గర అమ్మ కల్లాపి చల్లుతోంది.

అమ్మ చెయ్యి ఆపలేదు. చల్లుతూనే, "పదిహేనేళ్ళుగా బస్సుల్లో తిరుగుతున్నావు, ఒక్క గొడుగు పోగొట్టుకోలేదు. నెలరోజుల్లో ఇన్ని గిన్నెలు ఎట్లా మర్చిపోతావురా?" అంది.

క్యారేజీ వచ్చిన రోజే తెలిసిందట. మరి ఊరుకున్నావే, ఆ చేదాకు ఎందుకు మింగించావు అన్నాను. ఎన్నాళ్ళకి నోరు విప్పి అడుగుతావో చూద్దామని, అంది. చోటు ఎందుకో చెప్పమంది. కన్నతల్లితో ఆ మాట ఎట్లా చెప్తాను? గదిలో గాలి ఆడ్డం లేదని ఏదో గొణిగాను. గాలికి కాదులే, మంచానికని నాకు తెలుసు, సిగ్గుపడి చస్తావెందుకు అంది. నేను సైకిలు పట్టుకుని, గంగాళం బరువుకి అది ఒరిగిపోతుంటే ఆపలేక, తల దించుకుని నిలబడ్డాను.

అప్పుడు అమ్మ చెంబు కింద పెట్టి, నేనెప్పుడూ వినని సంగతి చెప్పింది. తను కాపురానికొచ్చిన కొత్తలో ఈ ఇంట్లో రెండు తపేలాలు, ఒక చెంబు ఉండేవట. ఎవరైనా చుట్టాలొస్తే పక్కింటి గిన్నె అడగాలి. అడగడానికి సిగ్గుపడేది కాదట, తిరిగి ఇవ్వడానికి సిగ్గుపడేదట. "ఖాళీగా ఇవ్వకూడదుగా. వేద్దామంటే ఇంట్లో ఏముంది? పంచదార ఉంటే గుప్పెడు వేసేదాన్ని. అదీ లేనప్పుడు పెరట్లో మందారపూలు నాలుగు కోసి వేసేదాన్ని. గిన్నె అందుకుంటూ వాళ్ళు అందులోకి చూసేవాళ్ళు చూడు, ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. ఇంకెప్పుడూ ఒకళ్ళ గిన్నె నా గడప లోపలికి రాకూడదనుకున్నా. నువ్వు అడిగితే ఇచ్చేదాన్నిరా. దొంగతనంగా నా సామాను ఏట్లో పడేశావే, అదే నాకు కష్టమైంది."

క్షమించమని నోటితో అనలేదు, మా ఇంట్లో ఆ అలవాటు లేదు. గంగాళం విప్పి తీసుకెళ్ళి యథాస్థానంలో పెట్టాను. నిజంగా ఏడుపొచ్చింది, అడిగితే ఉల్లిపాయలని చెప్పాను.

శ్రావణం మొదటి రోజున మామగారు మా ఆవిణ్ణి తీసుకొచ్చాడు. ఆవిడ చెప్పులు విడిచి, బ్యాగు చేత్తో పట్టుకునే హాల్లోంచి నడిమి గది దాకా వెళ్ళి చూసింది. బిందెలు, వాటి మీద తపేలాలు, తపేలాల నిండా ఎండుమిరపకాయలు, మూలన ఉల్లిపాయల గుట్ట, దండేనికి గోంగూర కట్టలు. బ్యాగు కింద పెట్టలేదు. నా వైపు తిరిగి చూసింది. కోపంగా చూసినా బాగుండేది, ఏమీ లేకుండా చూసింది. మామగారు చేతిగడియారం చూసుకుని, మళ్ళీ బస్సు ఎన్నింటికని నాన్నని అడిగాడు. ఇంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆవిడ చేతిలోంచి బ్యాగు తీసుకుని, "శుక్రవారం దాకా ఓపిక పట్టమ్మా," అంది.

అమ్మ ఏం చేయబోతోందో శుక్రవారం దాకా ఎవరికీ తెలియలేదు. గురువారం సాయంత్రం బోలెడు శనగలు నానబోసింది, నేను గంగాళంలోకి నీళ్ళు తోడి పోశాను. శుక్రవారం పొద్దున పేరంటానికి పిలుపులు వెళ్ళాయి, రెండు వీధుల ముత్తయిదువలకి, కండక్టరు భార్యకి, ఆయమ్మకి, మిరపకాయల గుమాస్తా ఇంటికి, అందరికీ. కొత్త కోడలి మొదటి శ్రావణం కదా, వాయనాలు ఆవిడ చేతిమీదుగా ఇప్పించింది. అయితే శనగలు ఆకుల్లో కాదు, కాగితం పొట్లాల్లో కాదు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క స్టీలు గిన్నె, అందులో శనగలు, తాంబూలం, పక్కన నాలుగు ఉల్లిపాయలు. ఇస్తినమ్మా వాయనం అని మా ఆవిడ, పుచ్చుకుంటినమ్మా వాయనం అని వాళ్ళు. పుచ్చుకున్న వాయనం తిరిగి ఇవ్వడమనేది లేదు, ఇస్తే ఇచ్చినావిడకీ పుచ్చుకున్నావిడకీ మంచిది కాదు. నెలరోజులు నేను ఊరూరా తిరిగి ఎదురు నిలవలేకపోయిన మర్యాదని, అమ్మ ఇంకో మర్యాదతో ఒక్క పూటలో కొట్టేసింది. అమ్మ ఎలా కబురు పెట్టిందో, డ్రైవరు భాయి భార్య కూడా వచ్చింది, ఆమెకి బొట్టు బదులు చేతికి పూలిచ్చి, షోలాపూరు వెళ్ళొచ్చిన బిందెనే ఇచ్చింది. గిన్నెలు చాలనంత మంది వచ్చారు, సంతకి వచ్చినట్టు వరండా దాటి వీధిలో నిలబడ్డారు. చివరికి గంగాళం ఎదురింటావిడకి వచ్చింది. వాయనం కాబట్టి ఆవిడ వద్దనడానికి లేదు, నలుగురు ఆడవాళ్ళు నాలుగు చెవులు పట్టుకుని, దారిపొడుగునా శనగలు రాల్చుకుంటూ మోసుకెళ్ళారు. చేపలకి పేరంటం లేదు కాబట్టి నాన్న వాటిని బాయిలర్లో వేసుకెళ్ళి ఊరి పక్క పాలేట్లో వదిలేసి, బాయిలరు కూడా అక్కడే మర్చిపోయి వచ్చాడు. అది స్టీలుది కాదు, దాని మీద పేరు లేదు. తెలిసే మర్చిపోయాడని నా అనుమానం.

సాయంత్రానికి నడిమి గది ఖాళీ అయింది. నేల మీద బిందెల అడుగుల గుండ్రటి మచ్చలు తప్ప ఏమీ లేవు. మాట్లాడితే గది తిరిగి మాట్లాడుతోంది. మంచం బిగించి గోడవారగా జరిపాక కూడా అటు ఇటు బోలెడు చోటు మిగిలింది. నేను అంగలతో పొడవు కొలుచుకుంటూ మురిసిపోతున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అదంతా చూసి, నొచ్చుకున్నట్టుగా, "ఇంత ఖాళీ నేనడగలేదు అత్తయ్యా. మంచం పట్టేంతే అడిగాను," అంది.

"తెలుసమ్మా," అంది అమ్మ. "మిగతా చోటు నీది. నింపుకో."

ఆ మాటలో ఎంత ఉందో ఆ రోజు నాకు తట్టలేదు. ముప్ఫై ఏళ్ళు కూడబెట్టుకున్నది పొద్దుట్నుంచి సాయంత్రంలోపు పంచేసిన మనిషి, కోడలికి ఇవ్వడానికి మిగిలిందని ఒక ఖాళీ గదిని చూపించింది. నాకు ఆ పూట మంచం పొడవూ వెడల్పూ తప్ప ఏమీ కనపడలేదు, చంక కింద కొలతల కర్ర పెట్టుకున్న వడ్రంగిలాగా తిరిగాను. అమ్మ ఇప్పుడు లేదు. ఆ సాయంత్రం అమ్మ మొహం ఎట్లా ఉందో గుర్తు తెచ్చుకుందామని ఎన్నిసార్లు ప్రయత్నించినా, మంచం కోళ్ళే కనపడతాయి.

అత్తగారు చెప్పిన మాటని మా ఆవిడ జవదాటలేదు. పాతికేళ్ళలో ఆ చోటు శ్రద్ధగా నింపుకుంది. పిండి రుబ్బే మిషన్లు మూడు, ఎక్కడా కుదరని కుట్టుమిషను, మా అమ్మాయి పుట్టినప్పటి ఉయ్యాల, విరిగిన ఫ్యాన్ల రెక్కలు, తెరవని పెట్టెల్లో తెరవని బహుమతులు. మూడేళ్ళ కిందట డబుల్ కాట్ విప్పి మళ్ళీ నాలుగు ముక్కలుగా హాలు గోడకి ఆనించాం. తల్లీకూతుళ్ళిద్దరూ హాల్లో పడుకుంటారు. నేను ఇది వరండాలో మడత మంచం మీద కూర్చుని రాస్తున్నా, గురక పెట్టడానికి నాన్న లేడు కాబట్టి ఆ బాధ్యత కూడా నాదే. మొన్న ధైర్యం చేసి, కాస్త మంచం పట్టేంత చోటు చేయరాదా అని అడిగాను. చూద్దాంలెండి అంది. మగాడి బతుకులో ఇదొక లోటు. చోటు చేసేదాకా రానని బ్యాగు సర్దుకుని అలిగి వెళ్దామంటే, నా పుట్టిల్లు ఇదే.